బడి రోజుకు హాజరు పట్టీ ఉంది, ఇంటి రోజుకో?

2022 జూన్ 6న ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వెలువడ్డాయి. ఉత్తీర్ణత 67.26 శాతం. పరీక్ష రాసిన 6.15 లక్షల మందిలో రెండు లక్షల మందికి పైగా తప్పారు. ఒక్క విద్యార్థి కూడా గట్టెక్కని బడులు 71. కరోనాకు ముందు, 2019లో, ఇదే రాష్ట్రంలో 94.88 శాతం పాసయ్యారు. ఇంకేముంది, అధికార పక్షం, ప్రతిపక్షం దుమ్మెత్తిపోసుకున్నాయి. కరోనా ప్రభావం అని అందరూ ఒక ముక్క అనేసి ఊరుకున్నారు. ఆ ప్రభావం ఏ తరగతిలో, ఏ రోజుల్లో, ఎలా పడిందో విప్పి చూసినవారు తక్కువ.

ఆ పిల్లలది 2020-21లో తొమ్మిదో తరగతి. జూన్‌లో తెరుచుకోవాల్సిన బడి వారికి నవంబర్ 2న తెరుచుకుంది. అంతకుముందు సెప్టెంబర్ 21 నుంచే, తల్లిదండ్రులు రాసిచ్చిన అంగీకార పత్రంతో పై తరగతుల వారు బడికి వచ్చి సందేహాలు తీర్చుకోవచ్చని కేంద్రం అనుమతించింది. అక్టోబర్ 15 తరువాత బడులు తెరవాలో వద్దో రాష్ట్రాలే తేల్చుకోమంది. ఆంధ్రప్రదేశ్ ముందుకు వెళ్లింది. తొమ్మిది, పది తరగతులకు రోజు విడిచి రోజు బడి. అదీ ఒంటిపూట. గదికి పదహారు మంది. మధ్యాహ్న భోజనం పెట్టి ఇంటికి పంపేయడం. మిగిలిన రోజుల్లో ఇంటి దగ్గరే చదువు. కాగితం మీద చూస్తే హైబ్రిడ్ బోధన అంటే ఇంతే: సగం బడి, సగం ఇల్లు.

ఆ మొదటి వారంలో పత్రికలకెక్కిన అంకె 262. అంతమంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు పాజిటివ్ వచ్చింది. బడులు మూసేయాలని కొందరు, నాలుగు లక్షల మంది వస్తే ఇది 0.1 శాతం కూడా కాదని అధికారులు వాదించుకున్నారు. నన్ను అడిగితే అసలు చూడాల్సిన అంకె ఆ పక్కనే ఉంది. తొమ్మిది, పది తరగతుల్లో నమోదైనవారు 9.75 లక్షలు, వచ్చినవారు 3.93 లక్షలు. ఉపాధ్యాయులు మాత్రం 1.11 లక్షల మందిలో 99 వేల మందికి పైగా హాజరయ్యారు. రాని 5.8 లక్షల మంది పిల్లల్లో తమ వంతు కాక ఇంట్లో ఉన్నవారు ఎందరు? భయపడి రానివారు ఎందరు? బడినే వదిలేసినవారు ఎందరు? ఈ ముగ్గురినీ ఆ అంకె విడదీయదు. రోజు విడిచి రోజు పద్ధతిలో ఉన్న చిక్కు ఇదే. ఇంటి దగ్గర చదువుకుంటున్న పిల్లవాడూ, పత్తి చేలో ఉన్న పిల్లవాడూ పట్టీలో ఒక్కలాగే కనిపిస్తారు.

ఇక లెక్క వేద్దాం. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు అరవై మంది అనుకోండి. గదికి పదహారు మందంటే నాలుగు జట్లు చేయాలి. గణితం చెప్పే స్కూల్ అసిస్టెంట్ ఒక్కరే. సోమవారం వచ్చిన ముప్ఫై మందికి రెండు గదుల్లో రెండుసార్లు చెప్పిన పాఠాన్నే మంగళవారం మిగిలిన ముప్ఫై మందికి మళ్లీ రెండుసార్లు చెప్పాలి. పూట సగం, రోజులు సగం. మామూలు ఏడాదిలో వారంలో ముగిసే అధ్యాయం నెల పడుతుంది. ఈ పద్ధతి నిలబడాలంటే ఇంటి రోజు సగం బరువు మోయాలి. ఆ బరువు ఎలా మోయాలో చెప్పినవారు లేరు. బెంచీల మధ్య ఎంత ఎడం ఉండాలి, చేతులు ఎప్పుడు కడుక్కోవాలి, జ్వరం ఎలా చూడాలి అన్న వాటికి ఉత్తర్వులున్నాయి. ఇంటి రోజుకు మిగిలింది టీవీ పాఠం, వాట్సాప్ గ్రూపు.

ఆ గ్రూపులో జరిగింది దగ్గరగా చూస్తే తెలుస్తుంది. టీచరు పది నిమిషాల వీడియో పెడతారు, కింద అయిదు లెక్కలు ఇస్తారు. సాయంత్రం తండ్రి పని నుంచి ఫోనుతో ఇంటికి వచ్చాక పిల్లవాడు నోటుపుస్తకం తెరిచి, లెక్కలు చేసి, పేజీని ఫోటో తీసి పంపుతాడు. సగం ఫోటోలు అడ్డంగా తిరిగి ఉంటాయి, కొన్నిటి మీద తీసేవాడి నీడే పడి ఉంటుంది. త్రిభుజాల సర్వసమానత్వ సిద్ధాంతానికి నిరూపణ అడిగితే గైడులో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది, చక్కటి దస్తూరితో. బడిలో అయితే టీచరు నల్లబల్ల దగ్గరికి పిలిచి మూడో మెట్టు ఎలా వచ్చిందో చెప్పమంటారు. గైడు చూసి రాసినవాడు అక్కడ దొరికిపోతాడు, అక్కడే నేర్చుకుంటాడు కూడా. ఫోటోలో ఆ అవకాశం లేదు. అరచేతి వెడల్పు తెర మీద అరవై పేజీలు పెద్దవి చేసి చూసి, తప్పు ఎక్కడుందో ఒక్కొక్కరికి రాయడం మనిషి వల్ల అయ్యే పని కాదు. చివరికి బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ముగించారు. పాఠం పంపడం సులువే. దిద్దడమే కష్టం, ఆ ఏడాది కొండెక్కింది దిద్దుబాటే.

ఫోన్లు లేకపోవడమే అన్నిటికీ మూలమని అప్పట్లో గట్టిగా వినిపించింది. అందులో నిజం ఉంది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ వసతి ఉన్న గ్రామీణ కుటుంబాలు సుమారు 15 శాతమే. కానీ 2020 సెప్టెంబర్‌లో పిల్లల చదువుల స్థితిపై సర్వేలు చేసే అసర్ బృందం గ్రామాల్లో చేసిన ఫోన్ సర్వే చూడండి. బడిలో నమోదైన పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం ఉండగా అప్పటికి 61.8 శాతానికి పెరిగాయి. అయినా సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్య సామగ్రి అందుకున్న పిల్లలు మూడో వంతుకు కాస్త పైన. ఇంట్లోకి ఫోను వచ్చినంత తేలిగ్గా బడి రాలేదన్న మాట. తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు రోజుకు నాలుగు విడతలకు మించి ఆన్‌లైన్ పాఠాలు వద్దని ఆ జూలైలోనే కేంద్రం ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాల్లో చెప్పింది. ఒక్క విడత కూడా అందని పిల్లలున్న చోట ఆ గరిష్ఠ పరిమితి ఎవరి కోసమో అర్థం కాదు.

తెలంగాణ వేరే దారి పట్టింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు మొదలుపెట్టింది. తొమ్మిది, పది తరగతుల వారికి బడి తలుపులు తెరిచింది మాత్రం 2021 ఫిబ్రవరి 1న. మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. ఆ బ్యాచ్‌కు పది పరీక్షలు జరగలేదు. ఎఫ్‌ఏ-1 అనే ఒకే ఒక్క అంతర్గత మదింపు ఆధారంగా 20 మార్కులను అయిదింతలు చేసి గ్రేడ్లు ఇచ్చారు. 5.21 లక్షల మంది పాస్. వారిలో 2,10,647 మందికి పదికి పది గ్రేడు పాయింట్లు. తెలంగాణ బడి చరిత్రలో ఇంత మంది మేధావులు ఒకేసారి పుట్టుకొచ్చిన ఏడాది మరొకటి లేదు! పిల్లలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. దిద్దుబాటు లేని ఏడాదికి మార్కులు వేయాల్సి వస్తే ఏమవుతుందో ఆ అంకె చెబుతుంది.

అందుకే, ఏమాటకామాటే చెప్పుకోవాలి, నవంబర్‌లోనే తెరిచిన ఆంధ్రప్రదేశ్ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. రోజు విడిచి రోజైనా పిల్లవాడు టీచరు కంటపడ్డాడు, మధ్యాహ్నం కడుపునిండా తిన్నాడు. లోపం తెరవడంలో లేదు, తెరవని రోజును గాలికి వదిలేయడంలో ఉంది. గాలికి వదిలేసిన రోజు ఖాళీగా ఉండదు కదా. నవంబర్ అంటే పత్తి తీతల కాలం. సంక్రాంతి దాటితే కర్నూలు పడమటి మండలాలు కోసిగి, మంత్రాలయం నుంచి కుటుంబాలు మిర్చి కోతలకు గుంటూరు వైపు కదులుతాయి. బడి రోజూ ఉంటే పిల్లవాడిని తాత దగ్గర వదిలి వెళ్దామనుకునే తల్లిదండ్రులు కూడా, వారానికి మూడు పూటల బడి కోసం ఆ ఏర్పాటు చేస్తారా? ఆడపిల్లల సంగతి చెప్పనక్కర లేదు. ఇంటి రోజు అంటే వారికి ఇంటి పని రోజే.

ప్రైవేటు బడుల కథ ఇంకో రకం. అక్కడ జూమ్ పాఠాలు గంట కొట్టినట్టు నడిచాయి, ఫీజు వసూలుకు అదే ఆధారం కాబట్టి. ఆ పాఠాలు చెప్పిన టీచర్లలో ఎందరో సగం జీతానికి, కొందరు అదీ లేకుండా పనిచేశారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రూ.2,000, పాతిక కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే ఆ బోధన ఏ పునాది మీద నిలిచిందో ఊహించుకోవచ్చు.

మళ్లీ 67.26 దగ్గరికి వద్దాం. ఆ పతనం మొత్తాన్ని హైబ్రిడ్ ఏడాది ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఆంధ్రప్రదేశ్ 2019లోనే 20 అంతర్గత మార్కులనూ, బిట్ పేపరునూ ఎత్తేసింది. ఆ తరువాత రెండేళ్లూ పరీక్షలే రద్దయ్యాయి కాబట్టి ఆ కొత్త పద్ధతిలో నిజంగా పరీక్ష రాసిన మొదటి బ్యాచ్ వీరే. పదకొండు పేపర్లు ఏడయ్యాయి కూడా. అదే వేసవిలో తెలంగాణలో ఉత్తీర్ణత 90 శాతం. అక్కడ అంతర్గత మార్కులు అలాగే ఉన్నాయి, సిలబస్ 70 శాతానికి కుదించారు. కాబట్టి ఆంధ్ర పిల్లలు మొద్దులు, తెలంగాణ పిల్లలు చురుకు అని తేల్చే పని లేదు. తరువాతి వరుస మాత్రం చూడదగ్గది. కరోనా ఏడాదిలో ఎనిమిదిలో ఉన్నవారు 2023లో రాస్తే ఆంధ్రప్రదేశ్‌లో 72.26 శాతం పాసయ్యారు. ఏడులో ఉన్నవారు 2024లో రాస్తే 86.69 శాతం. పరీక్ష పద్ధతికి అలవాటు పడటం కూడా ఇందులో ఉంది, సరే. కానీ తొమ్మిదో తరగతిలో బీజగణితం, భౌతికశాస్త్రం పునాదులు పడతాయని, అవి అరకొరగా పడితే పదిలో పూడ్చడానికి వ్యవధి ఉండదని ఏ ఉన్నత పాఠశాల టీచరును అడిగినా చెబుతారు.

ఇదంతా గడిచిపోయిన ముచ్చట అనుకోవడానికి వీల్లేదు. 2023 జూలైలో వానలకు తెలంగాణ అంతటా రోజుల తరబడి సెలవులిచ్చారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ బడులు మూతపడ్డాయి. ఎండలు ముదిరినప్పుడూ సెలవులే. ప్రతిసారీ పాత వాట్సాప్ గ్రూపులు నిద్రలేస్తాయి, వీడియో ఒకటి వస్తుంది, కింద బొటనవేళ్లు పడతాయి.

విద్యాశాఖ చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. బడి మూతపడిన రోజుకు కొత్త పాఠం పంపడం మానేయాలి. ఒక పేజీ పని చాలు, పాత పాఠం మీద, కాగితం మీదే. తెరిచిన తొలి రోజు మొదటి రెండు పీరియడ్లు ఆ పేజీ దిద్దడానికే కేటాయించాలి. ఎవరి పేజీ వచ్చింది, ఎవరిది రాలేదు అన్నది హాజరు పట్టీలోనే విడిగా ఒక గడిలో రాయాలి. రెండుసార్లు వరుసగా ఆ గడి ఖాళీగా ఉన్న పిల్లవాడి ఇంటికి బడి నుంచి ఎవరో ఒకరు వెళ్లాలి. 2020 నవంబర్‌లో ఆ గడి ఉండి ఉంటే, రాని 5.8 లక్షల మందిలో ఎవరి కోసం కోసిగి వెళ్లాలో, ఎవరి కోసం పత్తి చేలకు వెళ్లాలో ప్రధానోపాధ్యాయుడికి తెలిసేది.