పిల్లలు మత్తు దిగేటప్పుడు ఎందుకలా ఏడుస్తారో అమ్మానాన్నలకి ముందే చెప్పండి ప్లీజ్

ఆపరేషన్‌కి ముందు కన్సెంట్ ఫారం మీద అన్ని సంతకాలు పెట్టించుకుంటారు కదా, మత్తు దిగేటప్పుడు మీ పాప కాసేపు మిమ్మల్ని కూడా గుర్తుపట్టకపోవచ్చు అని ఒక్క ముక్క చెప్పడానికి ఏమైంది? నాకు ఈ విషయంలో నిజంగా ఒళ్లు మండుతుంది.

రికవరీ రూమ్‌లో పనిచేసేదాన్ని, చూస్తూనే ఉంటా. పిల్ల కళ్లు తెరిచే ఉంటాయి కానీ ఎవర్నీ చూడదు, "అమ్మని రా బంగారం, ఇక్కడే ఉన్నా" అంటూ తల్లి మొహం దగ్గర పెట్టినా ఆమెనే తంతుంది, ఒళ్లు విల్లులా వంచేసి అరుస్తుంది, చేతికున్న కాన్యులా (మందులెక్కించే సన్నని గొట్టం) పీకేయబోతుంది. తల్లేమో బిడ్డ బ్రెయిన్‌కి ఏదో అయిపోయిందని వణికిపోతుంది.

దీన్ని ఎమర్జెన్స్ డెలీరియం అంటారు. ఎక్కువగా 2 నుంచి 5 ఏళ్ల పిల్లల్లో, అదీ సెవోఫ్లూరేన్ లాంటి గ్యాస్‌తో మత్తిచ్చినప్పుడు కనిపిస్తుంది, చాలామందికి అరగంటలోపే దానంతటదే తగ్గిపోతుంది. నొప్పికే ఏడుస్తోంది అనుకుంటాం గానీ, కోతే లేని ఎంఆర్ఐ కోసం మత్తిచ్చిన పిల్లలు కూడా ఇలాగే చేస్తారు. అలాగని నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు, ఆక్సిజన్, నొప్పి, షుగర్ ఇవన్నీ చూశాకే డెలీరియం అనాలి.

థియేటర్‌లోకి వెళ్లేటప్పుడు ఎంత భయపడితే లేచేటప్పుడు అంత గోల చేసే ఛాన్స్ ఎక్కువ. అందుకే "ఏం చెయ్యరు, ఊరికే చూసి పంపిస్తారు" అని పిల్లలకి అబద్ధం చెప్పకండి. మత్తు గ్యాస్ ఇచ్చే మాస్క్ ముందే చేతికిచ్చి ఆడుకోనివ్వాలి, లోపలికి వెళ్లేదాకా ఫోన్‌లో ఇష్టమైన వీడియో చూడనివ్వాలి (ఆ టైమ్‌లో స్క్రీన్ గురించి క్లాస్ పీకొద్దు దయచేసి). అవసరమైతే ప్రొపోఫాల్, డెక్స్‌మెడిటోమిడిన్ లాంటి మందులతో దీన్ని తగ్గించే దారులు కూడా మత్తు డాక్టర్ల దగ్గర ఉన్నాయి.

ఇక పిల్ల లేచి ఏడుస్తుంటే నలుగురు చుట్టూ చేరి తలో మాట అనడం, ఊపడం, "ఏడిస్తే ఇంకో ఇంజెక్షన్ వేస్తా" అని బెదిరించడం, ఇది మా స్టాఫ్‌లో కూడా చేసేవాళ్లున్నారు, నాకు అస్సలు నచ్చదు. లైట్ తగ్గించండి, దెబ్బ తగలకుండా, కాన్యులా ఊడిపోకుండా పట్టుకోండి, ఒక్క గొంతు మెల్లగా మాట్లాడితే చాలు. అమ్మనో నాన్ననో వీలైనంత త్వరగా లోపలికి రానివ్వండి.

అమ్మానాన్నలూ, ఆపరేషన్‌కి ముందు చెకప్ రోజునే మత్తు డాక్టర్‌ని అడగండి, లేచేటప్పుడు మమ్మల్ని పక్కన ఉండనిస్తారా అని. ఇంతకుముందు ఎప్పుడైనా మత్తిచ్చినప్పుడు ఇలా చేసి ఉంటే అది తప్పకుండా చెప్పండి, దాన్నిబట్టి ఈసారి మందుల ప్లాన్ మార్చగలరు.