ముందు సదస్సు, తర్వాతే థీసిస్

ఆర్కిటెక్చర్ కాలేజీల్లో సదస్సంటే ఒక పద్ధతి స్థిరపడిపోయింది. నగరం నుంచి పేరున్న ఆర్కిటెక్ట్ వచ్చి తన కట్టడాల ఫొటోలు చూపిస్తారు. విద్యార్థులు పేపర్లు చదివి సర్టిఫికెట్లు తీసుకుంటారు. పరిశోధననీ ప్రాక్టీసునీ కలపడమే ధ్యేయమని బ్యానర్ మీద రాసి ఉంటుంది. నిజంగా కలవాలంటే, పరిశోధించే ప్రశ్న పని జరిగే చోటి నుంచి రావాలి. గోదావరి డెల్టాలో అలాంటి ప్రశ్నలకు కొదవే లేదు.

రాజోలు, సఖినేటిపల్లి, మొగల్తూరు వైపు కొంచెం పాతబడిన స్లాబు ఇళ్లు చూడండి. పిల్లర్ల అడుగున ప్లాస్టరింగ్ ఉబ్బి పెచ్చులూడిపోతుంది. లోపల కడ్డీలు తుప్పు పట్టి బయటికి కనిపిస్తాయి. ఉప్పు గాలి అంతే అని సరిపెట్టుకుంటాం. కానీ నీళ్ల సంగతేమిటి? దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, జూన్‌లో గానీ మళ్లీ నీళ్లు వదలరు. ఇళ్ల పనులు జోరుగా సాగేది ఆ ఎండల్లోనే. దగ్గర్లో ఏ బోరుంటే ఆ నీళ్లతోనే కాంక్రీటు కలుపుతారు, వాటితోనే తడుపుతారు. ఇనుము వేసే కాంక్రీటుకి కలిపే నీళ్లలో, కడ్డీలకి తుప్పు పట్టించే క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ చెబుతోంది. సముద్రపు గాలి తగిలే చోట కనీసం ఎం30 బలమున్న కాంక్రీటు, కడ్డీల మీద 45 మిల్లీమీటర్ల కవర్ (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) ఉండాలని కూడా అదే కోడ్ అంటోంది. తీరం దగ్గరి బోర్లలో ఎన్ని ఈ లెక్కకి నిలుస్తాయి? ఊరూరా నీళ్లు పరీక్షించి, ఏ నెలలో ఏ బోరు పనికొస్తుందో మ్యాపు గీయడం ఒక విద్యార్థి బృందం సెమిస్టర్‌లో చేయగల పనే. ఆ మ్యాపు చేతికొస్తే మేస్త్రీ మర్నాటి నుంచే వాడుకుంటాడు.

ఇలాంటి పనికి కావలసిన ఓపిక మన పిల్లల్లో ఉంది. కోనసీమలో మిగిలిన మండువా లోగిళ్లలో దూలం నుంచి తూము దాకా కొలతలు తీసి, చూడముచ్చటైన డ్రాయింగులు వేస్తారు. తర్వాత అవి కాలేజీ అలమరలో పడి ఉంటాయి. అరుగు ఆ ఎత్తులోనే ఎందుకు కట్టారన్నది మాత్రం ఎవరూ అడగరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో లంక గ్రామాల్లో పెద్దవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఇంటి కొలతలతో పాటు ఆ ఎత్తులూ రాసుకుని, ఊరంతటికీ ఒకే మట్టం నుంచి లెక్కగడితే, కొత్త ఇంటికి ప్లింత్, అంటే ఇంటి పీఠం, ఎంత లేపాలో ఇంజినీరుకి ఒక ఆధారం దొరుకుతుంది. 1996 నవంబరు తుపానుకి ఏ కప్పులు లేచిపోయాయో, ఏవి నిలిచాయో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంకో ఇరవై ఏళ్లకి ఉండరు.

ఇక ప్రాక్టీసంటే ఎవరి ప్రాక్టీసు? 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఆర్కిటెక్ట్ అనే హోదాకి రక్షణ ఇచ్చింది (రిజిస్టరైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి), మంచిదే. కానీ డెల్టా ఊళ్లలో ఇల్లు కట్టించుకునేవాళ్లు ఆర్కిటెక్ట్ గడప తొక్కడం అరుదు. ప్లాన్ గీసేది లైసెన్స్ ఉన్న ఇంజినీరు, కట్టేది మేస్త్రీ. వాళ్లు లేని సదస్సులో ప్రాక్టీసు సగం కూడా ఉండదు. మేస్త్రీని హాల్లో మైకు ముందు నిలబెడితే రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. అదే పిల్లల్ని అతను పని చేసే చోటికి తీసుకెళ్తే పూటంతా మాట్లాడతాడు. ఆ రోజు కూలీ మాత్రం కాలేజీ ఇవ్వాల్సిందే. అతిథి ఆర్కిటెక్ట్‌కి విమానం టికెట్ ఇచ్చినప్పుడు ఇది భారమేమీ కాదు. మేస్త్రీ చెప్పిందల్లా ఒప్పేనని నేననను. నీళ్లు ఎక్కువ పోసి కాంక్రీటుని జారుగా కలపడం లాంటి అలవాట్లని పిల్లలు ప్రశ్నించాలి కూడా.

పరిశోధనని ఇలా అవసరాలకి కట్టేస్తే సిద్ధాంతం, చరిత్ర ఏమైపోవాలని అధ్యాపకులు అడుగుతారు. వాటి చోటు వాటిదే. అయిదేళ్ల బీఆర్క్‌లో అన్నీ ఇలాగే ఉండాలని ఎవరూ కోరడం లేదు.

నా అసలు అభ్యంతరం సదస్సు పెట్టే సమయం మీద. థీసిస్‌లు అయిపోయాక పెడితే అక్కడికొచ్చిన ఇంజినీరు చేయగలిగింది చప్పట్లు కొట్టడమే. విద్యార్థులు విషయం ఎంచుకోకముందే, నాలుగో ఏడాది పూర్తయిన వేసవిలో పెట్టాలి. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. ఇలాంటి కాలేజీలు పూనుకుని భీమవరంలోనో అమలాపురంలోనో ఒక కల్యాణ మండపం మాట్లాడుకుంటే చాలు. మొదటి రోజు మేస్త్రీలు, ఇంజినీర్లు, పంచాయతీవాళ్లు తమకి తెగని ప్రశ్నలు చెప్పాలి. పిల్లలు వాటిలోంచి విషయాలు తీసుకోవాలి. మరుసటి వేసవిలో, కాలవలు కట్టేసిన రోజుల్లో, అదే మండపానికి అందరినీ మళ్లీ పిలిచి, తేలిన సంగతులని తెలుగులో ఒక్కో కాగితం మీద వేసి వాళ్ల చేతికివ్వాలి.