ఊరికి క్లీన్‌చిట్ ఇచ్చిన ముగింపు

విజయవాడ గాంధీనగర్‌లో ఏ క్షుద్ర మిస్టరీ పోస్టర్ పడినా ఇప్పటికీ మొదటి ప్రశ్న ఒకటే: ‘విరూపాక్ష’ స్థాయిలో ఉందా? 2023లో వచ్చిన ఆ సినిమా కొలబద్దగా నిలవడంలో వింత లేదు. దిగ్బంధంలో పడిన రుద్రవనం అనే ఊరు, వరుస చావులు, అజనీష్ లోక్‌నాథ్ సంగీతం కలిసి విశ్రాంతి దాకా ఊపిరి సలపనివ్వలేదు. నా పేచీ అంతా ముగింపుతోనే. (చూడనివారు ఇక్కడే ఆగవచ్చు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గుట్టు కాపాడే బాధ్యత నా మీద లేదు.)

కథ ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకోండి. 1979లో చేతబడి చేస్తున్నారంటూ ఊరు ఒక జంటను నిలువునా తగలబెడుతుంది. పన్నెండేళ్లకు చావులు మొదలవుతాయి. మిస్టరీ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ప్రతి ఇంట్లో ఒక ముద్దాయి ఉన్నాడు, ప్రతి ముద్దాయికీ దాచుకోవలసిన గతం ఉంది. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని చివరికి చేసిందేమిటి? హత్యలన్నీ క్షుద్రశక్తి ఖాతాలో వేసి, కథానాయికనే దాని చేతి ఆయుధంగా చూపించి, నిప్పు పెట్టిన ఊరి చేతులు కడిగేశారు. హాలు నుంచి బయటికి వచ్చేవాడు మోసుకెళ్లేది ఒక్కటే: చేతబడి నిజమే, ఊరు భయపడటంలో తప్పు లేదు. హంతకులు కాస్తా బాధితులైపోయారు!

దయ్యం కథలో దయ్యం లేకుండా ఎలా అంటారు. ఉండనివ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ‘చంద్రముఖి’గా మనకు చేరిన 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’లో వైద్యుడు మాంత్రికుణ్ణి పక్కన పెట్టుకునే చికిత్స చేస్తాడు. భర్త స్థానంలో బొమ్మను ఉంచి, రోగి పగ తీరిందనిపిస్తాడు. నమ్మకాన్నే మందుగా వాడుకున్న ఆ ఘట్టంలో ఉత్కంఠ ఎక్కడైనా తగ్గిందా?

సినిమా సంగతి అటుంచండి. నాస్తికోద్యమ నేత గోరా పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో వచ్చి స్థిరపడింది ఈ విజయవాడలోని పటమటలోనే. నిప్పుల మీద నడవడానికి ఏ మహిమా అక్కర్లేదని నడిచి మరీ చూపించారు ఆ కేంద్రం వాళ్లు. అలాంటి ఊరున్న రాష్ట్రంలో మూఢనమ్మకాల దురాచారాలను అరికట్టే ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు. మహారాష్ట్ర 2013లోనే తెచ్చుకుంది, కర్ణాటక 2017లో. మన దగ్గర చేతబడి నెపంతో ఎవరినైనా చంపితే హత్య కేసు కడతారు, నిజమే. అది ప్రాణం పోయాక కట్టే కేసు. అంతకుముందు, ‘ఫలానా ముసలమ్మే చేసింది’ అని వేలు చూపించి డబ్బు పుచ్చుకున్న భూతవైద్యుడి మాటేమిటి? అతడి నోటికి అడ్డుకట్ట వేయవలసింది చట్టం. మన అసెంబ్లీ కూర్చునే వెలగపూడి పటమటకు గంట ప్రయాణం. ముసాయిదా కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, మహారాష్ట్ర చట్టం నకలు ఒకటి తెప్పించుకుంటే పని మొదలుపెట్టవచ్చు.