ఏప్రిల్‌లోనే అర్థమైపోయిన సీజన్

2024 ఏప్రిల్ 25 నాటికి అమెరికా బేస్‌బాల్ జట్టు చికాగో వైట్ సాక్స్ లెక్క ఇదీ: ఆడినవి 25 మ్యాచ్‌లు, గెలిచినవి 3, ఓడినవి 22. ఆ జట్టు చరిత్రలో ఇంత ఘోరమైన ఆరంభం ఎప్పుడూ లేదు. అయినా ఆ నెలంతా టీవీలోనూ ఆఫీసులోనూ ఒకటే మాట విన్నాను, ఇంకా ఏప్రిలే కదా, బోలెడు సీజన్ ఉంది అని.

బేస్‌బాల్‌లో ఆ మాటకు అర్థం లేకపోలేదు. ఐపీఎల్‌లో ఒక జట్టుకు లీగ్ దశలో 14 మ్యాచ్‌లు, ఇక్కడ 162. మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఆడుతూనే ఉంటారు. ఎంత గొప్ప జట్టయినా 60 ఓడుతుంది, ఎంత నాసిరకం జట్టయినా 60 గెలుస్తుంది అని ఈ ఆట తెలిసినవాళ్లు చెప్పుకుంటారు. కాబట్టి నాలుగు మ్యాచ్‌లు పోగానే గుండెలు బాదుకోనక్కర్లేదు.

కానీ ఆ ఓదార్పు అన్ని జట్లకూ వర్తించదు. మంచి ఆటగాళ్లుండి టైమ్ బాగోక ఓడే జట్టు వేరు, ఓడేలా కట్టిన జట్టు వేరు. ఈ తేడా ఏప్రిల్‌లోనే తెలుస్తుంది. చూసేవాడికి కావాల్సింది కాస్త ధైర్యం, అంతే.

మొదటి సిరీస్‌లో నేనూ మోసపోయాను. మార్చి 28న డెట్రాయిట్ టైగర్స్‌తో మొదటి మ్యాచ్, బంతి మా కుర్ర పిచ్చర్ (బంతి వేసేవాడు) గారెట్ క్రోషే చేతిలో పెట్టారు. అంతకుముందు అతను మేజర్ లీగ్‌లో, అంటే అక్కడి అత్యున్నత లీగ్‌లో, ఒక్క మ్యాచ్ కూడా స్టార్టింగ్ పిచ్చర్‌గా, అంటే మొదటి బంతి నుంచి వేసేవాడిగా ఆడలేదు, పైగా 2022లో మోచేతికి పెద్ద ఆపరేషన్ అయింది. ఆ రోజు ఆరు ఇన్నింగ్స్ వేశాడు, ఎనిమిది మందిని మూడేసి స్ట్రైక్‌లతో అవుట్ చేశాడు, ఒక్క రన్ ఇచ్చాడు. ఆ ఒక్క రన్‌తోనే 1-0గా ఓడిపోయాం. తర్వాతి రెండు మ్యాచ్‌లూ ఒక్కో రన్ తేడాతోనే పోయాయి. అదృష్టం కలిసి రాలేదులే, ఈ కుర్రాడున్నాడు, ఒక్క రన్ అటూ ఇటూ అయితే లెక్క మారేది అనుకున్నాను.

అసలు సంగతి ఆ 1-0లోనే ఉంది. క్రోషే అంత బాగా వేసినా వెనక రన్ కొట్టేవాడు లేడు. 2021లో తన డివిజన్ (ఐదు జట్ల గుంపు) గెలిచిన జట్టు 2023కల్లా 101 మ్యాచ్‌లు ఓడింది. ఆ ఆగస్టులో ఏళ్ల తరబడి జట్టును నడిపిన ఇద్దరు పెద్దలను తీసేసి, అదే ఆఫీసులో పనిచేసే క్రిస్ గెట్జ్‌ను పైకి తెచ్చారు. సీజన్‌కు దాదాపు రెండు వారాల ముందు, ఉన్న ఒక్క పేరున్న పిచ్చర్ డిలన్ సీజ్‌ను శాన్ డియాగో జట్టుకు ఇచ్చేశారు. సీజన్ మొదలైన రెండు వారాల్లోపే ముఖ్యమైన బ్యాటర్లు లూయిస్ రాబర్ట్, యోవాన్ మొంకాడా, ఎలోయ్ హిమెనెజ్ ముగ్గురూ గాయాలపాలయ్యారు. గాయాలు ఎవరి చేతుల్లోనూ ఉండవు, ఒప్పుకుంటాను. కానీ ముగ్గురు పక్కకు వెళ్లగానే లైనప్ మొత్తం ఖాళీ అయిపోయిందంటే ఆ తప్పు గాయాలది కాదు. చలికాలమంతా బెంచ్ నింపకుండా కూర్చున్నవాళ్లది. ఆ ఏడాది మొత్తం కలిపి కొట్టింది 507 రన్‌లు, మ్యాచ్‌కు మూడు చిల్లర. అంతటితో ఏ పిచ్చర్ మాత్రం ఎన్ని గెలిపిస్తాడు?

ఓడిపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఆ ఫిబ్రవరిలోనే ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లి, కొత్త స్టేడియానికి ప్రజల డబ్బు కావాలని నాయకులను కలిశాడు. ఇప్పుడున్న స్టేడియం 1991లో కట్టింది, లీజు 2029 దాకా ఉంది. అంతకు కొద్ది నెలల ముందు వేరే రాష్ట్రంలోని నాష్‌విల్ ఊరి మేయర్‌ను కలిసిన వార్త కూడా వచ్చింది. జట్టు ఊళ్లో ఉంటుందో పోతుందో తెలియదు, ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టరు, జనం మాత్రం చలిలో టికెట్ కొనుక్కుని రావాలి. ఇది న్యాయమేనా?

1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ ఇంతకన్నా దారుణంగా మొదలుపెట్టింది, వరుసగా 21 ఓటములు. మొదటి గెలుపు ఏప్రిల్ 29న వచ్చింది, అదీ చికాగోలోనే, వైట్ సాక్స్ మీదే, 9-0తో. మే 2న సొంతూళ్లో ఆడితే స్టేడియానికి 50 వేలకు పైగా జనం వచ్చారు, ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టు కోసం! ఆ రాత్రే కొత్త స్టేడియం, 15 ఏళ్ల లీజు ప్రకటించారు. అంటే మేం ఎక్కడికీ పోవడం లేదు అని జనం మొహం మీద చెప్పారు. ఆ ఏడాది 107 ఓడినా మరుసటి ఏడాది 87 గెలిచారు. మన డెక్కన్ చార్జర్స్ కూడా 2008లో అట్టడుగున ఉండి 2009లో కప్పు కొట్టలేదా? ఓటమిని జనం ఓర్చుకుంటారు. తమను లెక్కలోకే తీసుకోకపోతే ఓర్చుకోలేరు.

చివరికి వైట్ సాక్స్ 121 ఓడింది, 1901 నుంచి చూస్తే అంతకన్నా ఎక్కువ ఓడిన జట్టు లేదు. జులై, ఆగస్టుల్లో అదే 21 ఓటముల వరుస కూడా చూశాం. మేనేజర్ (హెడ్ కోచ్ లాంటివాడు) పెడ్రో గ్రిఫోల్‌ను ఆగస్టులో పంపేశారు, ఏప్రిల్‌లో తెలిసిన సంగతికి. ఇన్ని ఓడాక కనీసం జట్లు వరుసక్రమంలో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి కుర్రాడైనా దక్కాలి కదా, అదీ లేదు. పెద్ద ఊరి జట్టు వరుసగా రెండేళ్లు, ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో ఉండకూడదన్న రూల్ వల్ల పదో స్థానంలో ఎంచుకునే అవకాశం వచ్చింది.

అయినా ఏప్రిల్ 27 నాకు గుర్తుంది. చికాగో శివారు నేపర్‌విల్ నుంచి ట్రైన్ ఎక్కి, డౌన్‌టౌన్‌లో రెడ్ లైన్ మెట్రోకు మారి 35వ వీధిలో దిగాను, టాంపా బే రేస్‌తో మ్యాచ్. నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఒళ్లో స్కోర్ కార్డు పెట్టుకుని ప్రతి బ్యాటర్ గడిలో పెన్సిల్‌తో చిన్న గుర్తులు వేస్తున్నాడు, ముందు రోజు మ్యాచ్‌దీ ఆ పుస్తకంలోనే ఉంది. పదో ఇన్నింగ్స్‌లో ఒక్క రన్ వెనక ఉన్నాం. ఆండ్రూ బెనింటెండి కొట్టిన బంతి గోడ దాటింది, రెండు రన్‌లు, 8-7. బాణసంచా మొదలైంది, నన్ను ఎవరో కావలించుకున్నారు, పెద్దాయన లేచిన ఊపులో పెన్సిల్ సీటు కిందికి దొర్లిపోయింది. ఇద్దరం ఫోన్ లైట్ వేసి వేరుశనగ తొక్కల్లో వెతికాం. దొరికాక ఆయన మళ్లీ కూర్చుని, పైన పొగ ఇంకా కమ్మి ఉండగానే, ఆ చివరి గడిని నిదానంగా నింపాడు.