పాత ఫోనుపై అభియోగపత్రం

కొత్త ఫోను కొనాలంటే డబ్బు ఉండాలని ఇంకా కొందరు నమ్ముతున్నారు. డబ్బు సంగతి బ్యాంకులు చూసుకుంటాయి. మనం సమకూర్చుకోవలసింది కారణం. చేతిలో ఉన్న ఫోను తెల్లవారుజామున అలారం మోగించి, కూరగాయల బండి దగ్గర డబ్బు చెల్లించి, రాత్రి నిద్ర చెడేదాకా రీల్స్ చూపించి, ఇలా నిక్షేపంగా పనిచేస్తుంటే ఇంకో ఫోను మాట ఇంట్లో ఏ మొహం పెట్టుకుని ఎత్తుతాం? అందుచేత బాధ్యత గల కొనుగోలుదారు ముందుగా చేయవలసింది పాత ఫోను మీద కేసు పెట్టడం.

మొదటి అభియోగం: ముద్దాయి నెమ్మదించింది. దీన్ని రుజువు చేయడం సులువు. ఎవరైనా చూస్తుండగా కెమెరా తెరిచి, అది తెరుచుకునేలోగా గట్టిగా నిట్టూర్చాలి. బంధువుల గ్రూపు నుంచి వచ్చిపడిన గుడ్ మార్నింగ్ పూలతో, ఎవరిదో తెలియని పెళ్ళి వీడియోలతో ఫోను పొట్ట పగిలేలా నిండి ఉందన్న సంగతి మాత్రం విచారణలో బయటపడకూడదు. అంతకన్నా ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. పాత ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తామే తగ్గించామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. అరిగిపోయిన బ్యాటరీ వల్ల ఫోను ఉన్నట్టుండి ఆగిపోకూడదనే అలా చేశామని సంజాయిషీ చెప్పుకుని, బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. ఆపైన దావాలు పడితే 2020లో 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి రాజీపడింది. ఆ డబ్బు ఎవరికి ముట్టిందన్నది మనకు అనవసరం. బ్యాటరీ మారిస్తే ముసలి ఫోను మళ్ళీ పరుగెడుతుందన్న రహస్యం ఊరందరికీ తెలిసిపోయింది, బాధ అదీ.

ఐరోపా సమాఖ్య మరీ దయలేనిది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు ఛార్జి చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలట. విడిభాగాలు ఏళ్ళ తరబడి దొరకాలట. సామాన్యుడు ఇంకేం సాకు చెప్పుకుని బతకాలి?

రెండో అభియోగం కెమెరా మీద. కొత్త ఫోనుకు 200 మెగాపిక్సెళ్ళు ఉంటాయి. ఆ కెమెరా మామూలుగా ఫొటో తీసేటప్పుడు పదహారేసి చుక్కలను ఒకటిగా కలిపి, సుమారు 12 మెగాపిక్సెళ్ళ బొమ్మను మన చేతిలో పెడుతుంది. గృహప్రవేశంలో పాలు పొంగుతున్న ఆ బొమ్మను మనం వాట్సాప్‌లో పంపుతాం. వాట్సాప్ దాన్ని ఇంకా పిండి పంపుతుంది. చివరికి దాన్ని పెద్దమ్మ గీతలు పడిన తెర మీద, కళ్ళజోడు లేకుండా చూసి, ఏమీ కనబడకపోయినా దండం బొమ్మ పెడుతుంది. ఇంతటి మహత్కార్యానికి పాత కెమెరా చాలదని ప్రాసిక్యూషన్ వాదన.

ఇక లోహం. 2023లో ఐఫోన్ 15 ప్రోకు టైటానియం అంచు వచ్చింది. అంతరిక్ష నౌకల్లో వాడే లోహం జేబులో లేకపోతే మనిషి బతుకు వ్యర్థమని అప్పుడు తేలింది. 2025లో 17 ప్రో మళ్ళీ అల్యూమినియానికి వచ్చింది. అదీ ముందడుగేనని మళ్ళీ తేలింది.

న్యాయంగా చూస్తే ముద్దాయి మీద నిలబడే ఆరోపణ ఒక్కటే: భద్రతా అప్‌డేట్లు ఆగిపోవడం. బ్యాంకు లావాదేవీలన్నీ ఫోనులోనే నడిచే రోజుల్లో ఇది తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. కానీ దురదృష్టం చూడండి, 2023లో పిక్సెల్ 8కి, 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని వాటి కంపెనీలే ప్రకటించాయి. ఏడేళ్ళంటే మూడో తరగతి పిల్ల పదో తరగతి పరీక్షలు రాసేటంత కాలం. అంతకాలం ఒకే ఫోనా? పెళ్ళిళ్ళలో భోజనాల బల్ల మీద పెట్టేది ఏమిటి?

తీర్పు ముందే ఖాయమైంది కాబట్టి నిపుణుడైన సాక్షిని పిలవాలి. అతడు ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు. ఫోనుతో ఏం పని అని అడగడు, ఎంతలో కావాలని అడుగుతాడు. "ఇరవై వేలలో చూడరా" అంటాం. "ఇంకో అయిదు వేసుకుంటే తెర బాగుంటుంది మామయ్యా" అంటాడు. ఆ పాతిక వేల ఫోనుకు ప్రాసెసర్ పాతదట, ఇంకో ఏడు వేసుకోవాలి. అక్కడ కెమెరా అంతంతమాత్రమట. రాత్రి పదకొండయ్యేసరికి అరవై వేల దగ్గర తేలతాం, అదీ "ఈ ధరకు ఇంతకన్నా మంచి బేరం లేదు" అన్న తృప్తితో.

అరవై వేలా అని గుండె జారితే క్రెడిట్ కార్డు మీద వడ్డీ లేని వాయిదాలు ఉన్నాయి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. పాపం, దానికి పండుగ అమ్మకాల సంగతి తెలియదు. వడ్డీకి సరిపడా తగ్గింపు ముందే చూపిస్తారు, ఆ వడ్డీని వాయిదాల్లో వసూలు చేస్తారు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మాత్రం మనవి. లేని వడ్డీ మీద ఉన్న పన్ను కట్టడం అద్వైతం తెలిసిన దేశంలోనే సాధ్యం.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. ఎక్స్‌చేంజి సమయం రాగానే ప్రాసిక్యూటర్ రాత్రికి రాత్రి డిఫెన్సు వకీలు అవుతాడు. నిన్నటిదాకా డొక్కు అన్న ఫోను "చాలా పొందిగ్గా వాడినది, ఒక్కసారి కూడా కింద పడలేదు" అవుతుంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌కు పట్టుకెళితే అంగడిలోని కుర్రాడు ఈ వాదనేదీ వినడు. బొటనవేలితో అంచు తడిమి, మూలన నొక్కు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఒక అంకె చెబుతాడు. ఆ అంకె విన్నాక ఎవరికైనా తల్లిదండ్రుల మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

"నాన్నా, మీకోసం మంచి ఫోను తెచ్చాను" అంటాం.

"ఇది పనికిరాకుండా పోయిందని నెల రోజులుగా అంటున్నావు కదరా" అంటారాయన. అని, రెండేళ్ళ కిందట మనం ఇలాగే శిక్ష వేసి ఆయనకు అంటగట్టిన ఫోనును లాల్చీ జేబులోంచి తీసి చూపిస్తారు. "దీనికి మొన్న మన సెంటర్లో బ్యాటరీ మార్పించాను. బాగానే ఉంది."

ఇటువంటి సాక్షిని విచారణ ముగిసేదాకా ఊరి నుంచి రానివ్వకూడదు.