సవరణ: ఫిడ్లర్ పీతకు పెద్ద డెక్క మళ్లీ ఎటువైపు మొలుస్తుంది?

ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో, డార్విన్ పరిసరాల మడ అడవుల అంచున బతికే పసుపు డెక్క ఫిడ్లర్ పీత గురించి ఇంతకుముందు రాసినప్పుడు రెండు తప్పులు దొర్లాయి. పాఠకులు మన్నించాలి.

మగపీత తన పెద్ద డెక్కను పోగొట్టుకుంటే రెండో వైపున్న చిన్న డెక్క పెరిగి దాని స్థానాన్ని తీసుకుంటుందని రాశాను. అది నిజం కాదు. ఊడిన వైపే కొత్త డెక్క మొలిచి, పీత కుబుసం విడిచినప్పుడల్లా కొంత పెరుగుతుంది. రెండో వైపుది చిన్నదిగానే ఉండిపోతుంది. వైపు మారడం, డెక్కతో చిటికె వేసినట్టు చప్పుడు చేసే చిటికె రొయ్యల్లో కొన్ని జాతులకు ఉండే లక్షణం, దాన్ని పొరపాటున పీతకు అంటగట్టాను. అసలు విశేషం వేరే ఉంది: మళ్లీ మొలిచిన డెక్క చూడడానికి పాతదానంత పెద్దదే అయినా బలంలో దానికి సాటిరాదు, అయితే ఎదుటి మగపీత ఆ తేడాను చూపుతో పసిగట్టలేదు. ఈ సంగతి మొదటే చెప్పి ఉండాల్సింది.

బొరియ చుట్టూ కనిపించే ఆవగింజలంతటి మట్టి ఉండలను విసర్జనగా పేర్కొనడం రెండో తప్పు. పీత చిన్న డెక్కతో బురదను చిటికెడు చిటికెడుగా నోటికి అందించుకుని, అందులోని నాచును, సూక్ష్మజీవులను నోటి భాగాలతో వేరుచేసుకుని తిన్నాక, మిగిలిన మట్టిని ఉండచేసి వదిలేస్తుంది. అవే ఆ ఉండలు.

2016లో జరిగిన వర్గీకరణ సవరణ ప్రకారం ఈ పీత శాస్త్రీయ నామం ఊకా మ్యోబెర్గి కాదు, ఆస్ట్రుకా మ్యోబెర్గి.