దూకే ధైర్యం మన పిల్లలకుంది, ఆగే ట్రైనింగే లేదు

మే నెల వచ్చిందంటే హన్మకొండ జేఎన్ఎస్ గ్రౌండ్ పొద్దుగాల ఆరింటికే నిండిపోతది, ఒక దిక్కు కరాటే, ఒక దిక్కు స్కేటింగ్, ఇంకో దిక్కు క్రికెట్ నెట్స్, బయట తల్లిదండ్రులు బండ్ల మీద కూసొని చాయ్ తాగుకుంట ఎదురుచూస్తుంటరు. మంచిదే, పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి చెమట పట్టేదాక ఆడుతున్నరంటే అంతకన్నా ఏం గావాలె. కానీ మంటొస్తే ఏం చెయ్యాలె, పక్కనోడు నీళ్లల్ల మునుగుతుంటే ఏం చెయ్యాలె, ఊపిరి ఆగిన మనిషి ఛాతి మీద చెయ్యి ఎక్కడ పెట్టాలె అని పది రోజులు కూసోబెట్టి నేర్పే క్యాంపు మాత్రం నాకెక్కడా కనపడలే. పద్నాలుగు నుంచి పద్దెనిమిది ఏండ్ల పిల్లలకు ప్రతి ఎండకాలం ఇది ఉండాలె, స్విమ్మింగ్ క్యాంపు ఎట్ల పెడుతున్నమో అట్లనే పెట్టాలె అని నేను గట్టిగ అనుకుంటున్న.

ఎందుకంటే 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ ల మంటలొచ్చి చనిపోయిన ఆరుగురు మనోళ్లే. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నుంచి కొలువు కోసం పోయిన ఇరవై ఏండ్లు దాటిన పిల్లలు, ఇంటికి నాలుగు పైసలు పంపుతున్న పిల్లలు. వాళ్లను మంట తాకలే, పొగ చంపింది. పొగ పైకి లేస్తది కాబట్టి నేలకు అతుక్కొని పాకాలె, తడిబట్ట ముక్కుకు పెట్టుకోవాలె, లిఫ్ట్ జోలికి పోవద్దు, బయటికి తొవ్వ లేకపోతే రోడ్డు దిక్కు కిటికి ఉన్న రూంల చేరి తలుపు సందులల్ల తడిబట్టలు కుక్కి కిటికి కాడ నిలబడి కేకెయ్యాలె. ఈ మాటలు తెలిసుంటే ఆ రోజు వాళ్లు బతికేటోళ్లు అని నేను అంటలేను, ఆ బిల్డింగ్ తప్పులు ఆ బిల్డింగ్ వే, ఆ పాపం పిల్లల మీద పెట్టొద్దు. కానీ డిగ్రీ దాక చదివిచ్చిన మనం వాళ్లకు ఈ నాలుగు మాటలు ఏ క్లాసుల చెప్పినం? యాదికి చేసుకుంటే ఒక్క క్లాసు కూడా రాదు.

మంటల కన్నా నీళ్లు ఇంకా ఎక్కువ మందిని తీసుకపోతయి. దేశంల అగ్నిప్రమాదాలతోని ఏటా 7 వేల మంది దాక పోతున్నరని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెప్తయి, నీళ్లల్ల మునిగి పోయేటోళ్లు 35 వేలకు పైననే. మన దిక్కు ఎండకాలం పేపర్ చూస్తే తెలుస్తది, కాకతీయ కెనాల్, క్వారీ గుంతలు, చెరువులు, గోదావరి ఘాట్లు. అందుల ఒక వరుస ఉంటది, చదివి చదివి నాకు కంఠతా వచ్చింది: ఒకడు జారిండు, వాన్ని తీద్దామని ఇంకొకడు దూకిండు, ఇద్దర్ని తీద్దామని అన్న దూకిండు. కెనాల్ ఒడ్డు సిమెంటు లైనింగ్, ఏటవాలుగ ఉంటది, పాకురు పట్టి ఉంటది, చెరువుల ఈత మంచిగ వచ్చినోడు కూడా అండ్ల దిగితే పట్టుకొని ఎక్కనీకె ఏం దొరకది, ఇగ మునిగేటోడు బుగులుతోని మెడ పట్టుకుంటే ఇద్దరూ కిందికే. ఆ పోరగాళ్లు పిరికోళ్లు కాదు, దోస్తు కోసం ప్రాణమిచ్చినోళ్లు. ధైర్యం మనోళ్లకు ఎన్నడూ కరువు లేదు, ఒడ్డు మీదనే ఆగి ఏం చెయ్యొచ్చో ఎవ్వరూ చెప్పలే, గంతే.

పోయిన ఎండకాలం మా కాలనీల ఒక పెద్దాయన, ఫైర్ డిపార్ట్‌మెంట్ల లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరైండు, ఊకె ఇంట్ల కూసునుడు ఎందుకని ఇరవై మంది పిల్లల్ని కూడేసి ఖాళీ ప్లాటుల వారం రోజులు నేర్పిండు, పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిదిన్నర దాక. నేను రెండు మూడు రోజులు పోయి చూసిన. మొదటి రోజు ఇనుప మూకుట్ల కొంచెం నూనె పోసి మంట లేచేదాక కాగబెట్టి, పిల్లల్ని దూరం నిలబెట్టి, "బిడ్డా ఇప్పుడేం చెయ్యాలె" అని అడిగిండు. అందరు ఒక్కటే మాట, నీళ్లు పొయ్యాలె తాత. ఆయన పొడుగు బొంగు కొసకు చిన్న గిలాస కట్టి అంతదూరం నుంచి ఆ గిలాసెడు నీళ్లే వంచిండు, మంట మనిషి ఎత్తు కన్నా పైకి లేచింది, ఇరవై మంది ఒక్కసారి ఎనుకకు ఉరికిన్రు. నీళ్లు ఆవిరైతే 1,700 రెట్లు ఉబ్బుతయి, ఆ ఊపుకు కాగిన నూనె చిందుతది, పూరీలు గోలిచ్చేటప్పుడు అమ్మ మీద పడేది అదే అని చెప్పి, మళ్ల ఇంకో మూకుడు అంటుపెట్టి దాని మీద మూత జరిపిండు, సప్పుడు లేకుండ ఆరిపోయింది. తర్వాత గ్యాస్ సిలిండర్. తొమ్మిది చదివే ఒక బక్కపల్చటి పొల్ల, తడిపిన గోనెసంచి అంచులను రెండు చేతుల మీదికి మడత పెట్టుకొని, సంచిని మొఖానికి అడ్డం పట్టుకొని మెల్లగ నడిచి వచ్చి సిలిండర్ మీద కప్పింది, చెయ్యి వణుకుతనే ఉంది, కప్పినంక రెగ్యులేటర్ బంద్ చేసి అప్పుడు ఊపిరి ఇడిచింది.

నాకు బాగ గుర్తుండిపోయింది నాలుగో రోజు. "కెనాల్ల దోస్తు మునుగుతుండు, ఎవరు దూకుతరు?" అని అడిగిండు ఆయన. మగపిల్లలందరు చెయ్యెత్తిన్రు, ఈత రానోడు కూడా ఎత్తిండు. "చెయ్యెత్తినోళ్లంత పక్కకు రాండ్రి" అన్నడు, వచ్చిన్రు. "మీరంత పోయినట్టే, మీ అమ్మలకు నేను ఇప్పుడు ఏం చెప్పాలె?" అన్నడు. ఎవ్వరు నవ్వలే. ఆ తర్వాత ఖాళీ మినరల్ వాటర్ క్యాన్ మూత గట్టిగ బిగిచ్చి, దాని మెడకు తాడు కట్టి విసురుడు నేర్పిండు, పొడుగు కట్టె ఉంటే అందియ్యాలె, లేకపోతే చున్నీలు షర్టులు ముడేసి బోర్ల పండుకొని అందియ్యాలె, ఏదన్న తేలేది ఉంటే విసరాలె, ఏదీ లేకపోతే కేకేసి మనిషిని పిలవాలె, ఫోన్ చెయ్యాలె, అంతేగని దూకొద్దు. రెండు రోజులు ఇదే, మళ్ల మళ్ల ఇదే. మొదట్ల పిల్లలకు ఇది చప్పగ అనిపించింది, వాళ్లు సినిమా లెక్క ఫైరింజన్ ఎక్కుడు, నిచ్చెన ఎక్కుడు ఉంటదనుకున్నరు. నాకైతే క్యాంపు మొత్తంల ఈ చప్పటి భాగమే గుండెకాయ అనిపించింది.

బయటి దేశాలల్ల ఇది కొత్త ముచ్చట కాదు. జర్మనీల ఫైర్ సర్వీస్ ఎక్కువ భాగం వాలంటీర్ల మీదనే నడుస్తది, పది లక్షల మంది దాక ఉంటరు, ఆ వాలంటీర్లు తయారయ్యేది పదేండ్ల వయసు నుంచే ఉండే పిల్లల ఫైర్ దళాలల్ల. అమెరికాల ఫైర్ డిపార్ట్‌మెంట్లే టీనేజ్ పిల్లలకు సమ్మర్ క్యాంపులు పెడతయి, హోస్ పైపు లాగుడు, నిచ్చెన ఎక్కుడు, బొమ్మను మోసుకొని బయటికి తెచ్చుడు, సీపీఆర్ అంటే గుండె ఆగిన మనిషి ఛాతి ఒత్తుడు, అన్నీ చేయిపిస్తరు. కానీ ఎక్కడ చూసినా ఒక గీత ఉంటది, పిల్లల్ని నిజమైన మంటల్లకు పంపరు. మన దగ్గర పెట్టినా ఆ గీత మొదటి రోజే గియ్యాలె, వీళ్లు చిన్న సైజు ఫైర్‌మన్లు అని ఎవ్వరూ అనుకోవద్దు, పిల్లలైతే అస్సలే అనుకోవద్దు.

మనకు ఫైర్ వారోత్సవాలు ఉన్నయి కదా అంటరు. ఉన్నయి, 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవుల పేలుడు జరిగి మంటలు ఆర్పనీకె పోయిన అరవై మందికి పైన ఫైర్ సిబ్బంది చనిపోయిన్రు, వాళ్ల యాదిల ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాక చేస్తరు. మన ఫైర్ స్టేషనోళ్లు పాపం స్కూళ్లకు, హాస్పిటళ్లకు, బస్టాండ్లకు తిరిగి డెమో చూపెడుతనే ఉంటరు. కానీ ఆ వారం మన దగ్గర ఎట్లుంటది? ఒంటిపూట బడులు, వార్షిక పరీక్షలు, ఇంకో మూడు రోజులల్ల సెలవులు. మూడువందల మందిని ఎండల నిలబెట్టి ఒకాయన మంటలార్పే సిలిండర్ పిన్ గుంజి ట్రేల మంట ఆర్పి చూపెడ్తె చప్పట్లు కొట్టి ఇంటికి పోతరు, ఆ సిలిండర్ ఒక్క పిల్లగాని చేతికి కూడా పోదు. చేతికి పోతే గదా తెలిసేది, చిన్న సిలిండర్ల పౌడర్ కొన్ని సెకన్లే వస్తదని, మంట కొసల మీద కొడితే ఉత్తగ పోతదని, మంట మొదట్ల కొట్టాలని, బయటికి పోయే తలుపు ఎనుకకు ఉండేటట్టు నిలబడాలని. ఆపదలల్ల సాయపడే వాలంటీర్లను తయారుచెయ్యనీకె కేంద్రం పెట్టిన ఆపద మిత్ర స్కీం మంచి స్కీం, 350 జిల్లాలల్ల లక్ష మందికి ట్రైనింగ్ అని పెట్టుకున్నరు, కానీ అది 18 ఏండ్లు దాటినోళ్లకు. టెన్త్, ఇంటర్ పిల్లలు మధ్యల మిగిలిపోయిన్రు.

సీపీఆర్ గురించి ఒక మాట. గుండె ఆగినంక నాలుగు నుంచి ఆరు నిమిషాలల్ల మెదడు దెబ్బతినుడు మొదలైతది. ఏటూరునాగారం అవతల ఒక గూడెం కాడ, లేకపోతే భూపాలపల్లి రోడ్డు మీద నడిరాత్రి, 108 ఎంత ఉరికినా అన్ని నిమిషాలల్ల రాదు, అది వాళ్ల తప్పు కాదు, దూరం అట్లుంది. అక్కడ ఉండేది పక్కింటి పిల్లలే. ఛాతి మధ్యల ఎముక మీద, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్లు దిగేటట్టు ఒత్తాలె, ఇది యూట్యూబ్ చూస్తే రాదు, బొమ్మ మీద రెండు నిమిషాలు ఒత్తి చేతులు గుంజితే అప్పుడొస్తది. వరదలప్పుడు కూడా అంతే, 2023 జులై 27న భూపాలపల్లి జిల్లాల మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు ఊరోళ్లు తెల్లారేదాక మిద్దెల మీద, చెట్ల మీద ఉన్నరు, బోట్లు హెలికాప్టర్లు వచ్చేసరికి గంటలు పట్టింది. ఆ రోజులల్లనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డది. అసొంటి రాత్రి ముసలోళ్లను ముందు పైకి ఎక్కియ్యాలని, కరెంట్ మెయిన్ బంద్ చెయ్యాలని తెలిసిన పిల్ల ఇంటికొక్కరు ఉంటే ఎట్లుంటది అని నేను ఇప్పటికీ అనుకుంట.

అడ్డం చెప్పేటోళ్ల మాటలల్ల నిజం లేకపోలేదు. ఎండకాలమే ఫైర్ స్టేషన్లకు ఊపిరి తీసుకోనీకె టైం ఉండదు, కొయ్యకాలు కాలబెట్టుడు, గడ్డివాములు, పత్తి జిన్నింగ్ మిల్లులు, ములుగు తాడ్వాయి అడవి, రోజూ ఫోన్లే, ఇగ పిల్లలకు ఎప్పుడు నేర్పుతరు? నేర్పేటోళ్లను స్టేషన్ బయట చూడాలె. రిటైరైన ఫైర్ సిబ్బంది ప్రతి జిల్లాల ఉన్నరు. సింగరేణికి మైన్స్ రెస్క్యూ టీములున్నయి, బొగ్గుబాయిల పొగ, గ్యాస్ నిండితే ఆక్సిజన్ సెట్ ఎక్కిచ్చుకొని లోపలికి పోయేటోళ్లు, పొగ గురించి వాళ్ల కన్నా బాగ చెప్పేటోళ్లు ఎవరుంటరు. చెరువులల్ల, గోదావరిల శవాలు తీసే పనికి పోలీసోళ్లు పిలిచే గజ ఈతగాళ్లు మన మత్స్యకారులే, వాళ్లను గౌరవంగ పిలిచి రోజు కూలి కాదు, సార్లకు ఇచ్చినట్టు పైసలిచ్చి నేర్పమనాలె. కాకతీయ మెడికల్ కాలేజీ స్టూడెంట్లు సీపీఆర్ చెప్తరు. జాగకు గురుకులాలు సెలవులల్ల ఖాళీగనే ఉంటయి. 44 డిగ్రీల ఎండల పిల్లలకు మందం కోట్లు తొడిగి ఫొటోలు దిగుడు మాత్రం వద్దు, పొద్దుగాల తొమ్మిదికి అన్నీ బంద్ కావాలె.

ఆడపిల్లలు సగం మంది ఉండాలె, ఇది నేను మర్యాదకు అంటలేను. వంటింట్ల మంటొస్తే ముందు కాలేది వాళ్లే. ఇంకోటి, 2002ల హర్షిణి కన్హేకర్ అనే అమ్మాయి నాగపూర్ జాతీయ ఫైర్ సర్వీస్ కాలేజీల చేరింది, అంతకుముందు ఆ కాలేజీల ఒక్క ఆడపిల్ల కూడా లేదు. నాగపూర్ మనకు ఎంత దూరం, కాజీపేటల రైలెక్కితే నేరుగ పోవచ్చు. ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్ సైన్స్ ఒక్కటే అనుకునే మన ఇండ్లల్ల ఫైర్ ఇంజినీరింగ్ అనే చదువు ఒకటుందని క్యాంపుల వింటేనే గదా తెలిసేది.

ఈ క్యాంపులు పెడితే అందరికీ నచ్చకపోవచ్చు, ఎందుకంటే నేర్చుకున్న పిల్లలు అడుగుతరు. 2019 మే 24న సూరత్ ల కోచింగ్ సెంటర్ల మంటలొచ్చి 22 మంది స్టూడెంట్లు చనిపోయిన్రు, పై అంతస్తు నుంచి పిల్లలు దూకుడు దేశమంత టీవీల చూసింది. మన హన్మకొండ నయీంనగర్, కిషన్‌పుర దిక్కు కోచింగ్ బిల్డింగులను ఒకసారి తలెత్తి చూడున్రి, మెట్లు ఒక్కటే, అవి కూడా ఇద్దరు పక్కపక్కన దిగలేనంత, కిటికీలకు నిండ ఫ్లెక్సీలు. నేను ఇంటర్ చదివిన హాస్టల్ల రాత్రి పదింటికి కింద గ్రిల్లుకు తాళం వేసేటోళ్లు, రెండేండ్లు ఆ తాళం ఎనుక పండుకున్న, ఆ కీ ఎవరి దగ్గర ఉంటది అని ఒక్క రోజు కూడా నాకు తట్టలే.

మా కాలనీ క్యాంపు చివరి రోజు ఆ పెద్దాయన పిల్లలకు ఒక పని చెప్పిండు, మీ అపార్ట్‌మెంట్ చూసి రాండ్రి అని. గోనెసంచి కప్పిన ఆ పొల్ల సాయంత్రం మెట్ల కింద చెప్పుల స్టాండ్ ఎనుక ఉన్న మంటలార్పే సిలిండర్ దుమ్ము తుడిచి చూస్తే ముల్లు ఎర్ర గీత మీద ఉంది, అంటే అండ్ల ప్రెషర్ సరిగ్గ లేనట్టు, ట్యాగ్ మీద తేదీ కూడా చెరిగిపోయింది. ఫొటో తీసి వాళ్ల నాయిన ఫోన్ల నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపుల పెట్టింది. పది రోజులకు కొత్త సిలిండర్ వచ్చింది. టెర్రస్ తలుపు తాళం గురించి కూడా అడిగిందట, కీ వాచ్‌మన్ దగ్గర ఉంటది అన్నరట. వాచ్‌మన్ రాత్రి తొమ్మిదికి ఇంటికి పోతడు.